యంత్రముల ఉత్తర ప్రత్యుత్తరములు

మన హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలో ఏ తెలుగువారి యింట అడుగుపెట్టినను నేడొక మాట వినవచ్చుచున్నది. పిల్లవాడు ఇంజనీరింగు ముగించెను. ఇక 'కోర్సు' చేయవలెను. ఏమి కోర్సని తండ్రినడిగిన తండ్రికి తెలియదు. పిల్లవానినడిగిన "జావా, వెబ్ సర్వీసులు, మైక్రోసర్వీసులు" అని మూడు మాటలు చెప్పి మరల సెల్లుఫోనులో మునిగిపోవును. కొందరు హైదరాబాదు అమీరుపేటకు పోవుదురు, కొందరు బెంగుళూరు మారతహళ్ళికి పోవుదురు. పని దొరికినవారు తెల్లవారకముందే లేచి ఎలక్ట్రానిక్ సిటీకి బస్సెక్కుదురు. ఆ కోర్సులో నేర్పునదేమి, నేర్పవలసినదేమి యని మన సంఘముల సంచికలలో ఎవరైనను వ్రాసినట్లు మాకు కనబడలేదు.

మేము ఇంజనీరులము కాము. మెట్రిక్ వరకు చదివి, ముప్పదియేండ్లకు పైగా గుమాస్తాగిరి చేసినవారము. అయినను ఈ విషయమున మాట్లాడుటకు మాకు కొంత యధికారము కలదనియే తలంచుచున్నాము. ఏలయన, ఈ చదువునకు మూలము ఉత్తరము పంపుట, జవాబు కొరకు వేచియుండుట, జవాబు రానిచో ఏమి చేయవలెనో యెరిగియుండుట. గుమాస్తాపని యనగా ఇంతకన్న వేరేమున్నది?

ఇంకొక కారణము గూడ కలదు. "తెలుగు చదివించినచో పిల్లవానికి సాఫ్టువేరు రాదు" అను మాట మన యిండ్లలో వేదవాక్యమైనది. ఈ మాట నమ్మి తెలుగు బడినుండి పిల్లలను మాన్పించిన తలిదండ్రులను మేమెరుగుదుము. వారిని నిందించుట మా యుద్దేశము కాదు. కడుపున పుట్టినవాని బ్రదుకు బాగుపడవలెనని యెవరు కోరరు? కాని ఆ మాట నిజమా యని విచారింపవలెను. విచారించుటకు ముందు ఆ చదువేమో తెలియవలెను గదా.

డిస్ట్రిబ్యూటెడ్ అప్లికేషన్ అనగా, ఒక పని ఒక యంత్రములోనే ముగియక, దూరదూరముల నున్న పెక్కు యంత్రములు తలయొక భాగము చేసి, ఒకదానితో నొకటి మాటాడుకొని ముగించునట్టి యేర్పాటు. దీనికి మన కండ్లయెదుట నున్న యుదాహరణము రైలు టికెట్టు. పూర్వము తిరుగు ప్రయాణపు బెర్తు కావలెనన్న స్టేషనువారు ఆ యూరికి తంతి పంపుచుండిరి. జవాబు వచ్చిన వచ్చెను. రాకున్న ప్రయాణీకుడు అచటికి పోయి తన యదృష్టమును పరీక్షించుకొనవలసినదే. 1985 లో న్యూఢిల్లీలో రిజర్వేషను కంప్యూటరుమీదికి వచ్చెను. పిమ్మట బొంబాయి, కలకత్తా, మద్రాసు, సికిందరాబాదులలో గూడ వచ్చెను. అయినను చిక్కు తీరలేదు. అయిదు కేంద్రములకు అయిదు వేర్వేరు పుస్తకములు. మద్రాసు యంత్రమునకు ఢిల్లీ పుస్తకములో ఖాళీలెన్ని యున్నవో తెలియదు. తంతి పోయి కంప్యూటరు వచ్చినను, ఊరికి ఊరికి మధ్యనున్న గోడ అట్లే నిలిచెను.

ఈ పుస్తకములను కలుపుటకు రైల్వేవారి సమాచార సంస్థయగు క్రిస్ వారు 'కన్సర్ట్' అను ప్రోగ్రామును నిర్మించిరి. అది మొట్టమొదట నడచినది మన తెలుగునాటనే, సికిందరాబాదులో, 1994 లో. 1999 నాటికి అయిదు కేంద్రములును కలిసినవి. 2002 లో ఐ.ఆర్.సి.టి.సి. వారు ఇంటనుండియే టికెట్టు కొను వసతి కల్పించిరి. నేడు రైలుస్టేషనే లేని కృష్ణగిరిలో కూర్చుండి మనము కాశీకి టికెట్టు కొనుచున్నాము! టికెట్టు దొరకుచున్నది, బండియెక్కుటకు మాత్రము వేరొక యూరికి పోవలెను.

ఇందులో చిక్కెక్కడ నున్నదో చూడుడు. బండిలో ఒక్క బెర్తు మిగిలినది. హోసూరులో నొకరు, గుంతకల్లులో నొకరు ఒకే క్షణమున దానిని కోరిరి. ఇద్దరికి ఇచ్చిన రైలులో జగడము. ఇద్దరికి ఇవ్వకున్న రైల్వేకు నష్టము. మా యాఫీసులో నియమ మొకటుండెను: రిజిస్టరు ఒకని బల్లమీద నున్నంతసేపు రెండవవాడు అందులో వ్రాయరాదు. యంత్రములకును అదే నియమము. అయితే రిజిస్టరు పట్టుకొన్న గుమాస్తా నడుమ మూర్ఛపోయినచో మిగిలినవారెంతసేపు వేచియుండవలెను? ఆఫీసులో పోయి తట్టి లేపుదుము. వేయి మైళ్ళ దూరముననున్న యంత్రమును తట్టి లేపుట యెట్లు? ఈ ప్రశ్నకు జవాబు నేర్పుటయే ఆ శిక్షణ. 2001 లో హైదరాబాదులో వెలసిన 'ఈ-సేవ' కేంద్రములలో కరెంటు బిల్లు, నీటి బిల్లు ఒకే కిటికీయొద్ద కట్టించుకొన్నప్పుడు గూడ కిటికీ వెనుక జరిగిన పని ఈ జాతిదే.

ఇక వెబ్ సర్వీసు. యంత్రములకు గూడ భాషలు పెక్కు కలవు. ఒకరు జావాలో వ్రాయుదురు, ఒకరు సి షార్పులో, ఒకరు పైథానులో. ఒక భాషలో వ్రాసిన ప్రోగ్రాము వేరొక భాషలో వ్రాసినదానితో ఎట్లు మాటాడవలెను? 1990 ప్రాంతమునుండి దీనికై పెద్దలు పెక్కు త్రోవలు వేసిరి. 1991 లో కోర్బా వచ్చెను. 1996 లో మైక్రోసాఫ్టువారి డీకామ్ వచ్చెను; అది ముఖ్యముగా విండోసు యంత్రములకే పనికివచ్చెను. జావావారి ఆర్.ఎం.ఐ. అను మార్గమునకు అటును ఇటును జావాయే యుండవలెను. ఎవరి కులము వారిది, ఎవరి పంక్తి వారిది అన్నట్లుండెను. 1998 లో ఎక్స్.ఎం.ఎల్. అను వ్రాతపద్ధతి స్థిరపడెను. దానిమీద నాధారపడి 2000 నాటికి సోప్ అను ఉత్తరపు మర్యాద వెలువడెను. ఆ యేటనే కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ఇర్వైన్ శాఖలో రాయ్ ఫీల్డింగ్ అను పరిశోధకుడు తన సిద్ధాంతగ్రంథములో రెస్ట్ అను పద్ధతిని వివరించెను. తరువాత జేసన్ అను మరింత తేలికయైన వ్రాత ప్రచారములోనికి వచ్చెను. వీనియన్నింటి సారాంశ మొక్కటియే. నీ యింటిలో నీ భాష నీవు మాటాడుకొనుము. వీథిలోనికి పంపు ఉత్తరము మాత్రము ఇద్దరొప్పుకొన్న నమూనాలో నుండవలెను.

ఈ సంగతి మన ప్రాంతమువారికి ఒకరు చెప్పవలసిన పనియే లేదు. బాగలూరు వైపునుండి గులాబీలు తెచ్చు రైతు తెలుగువాడు. మండీలో లెక్క వ్రాయువాడు తమిళుడు. కొని బెంగుళూరికి పంపువాడు కన్నడిగుడు. ముగ్గురికిని కావలసినవి కట్టలెన్ని, కట్ట ధరయెంత, ఎన్నిగంటలకు చేరవలెను అను మూడు మాటలే. ఆ మూడును చీటిమీద పడినచో వ్యాపారము సాగును. ఇందుకై రైతు తన భార్యతో కన్నడము మాటాడనక్కరలేదు. తెలుగు విడిచినగాని సాఫ్టువేరు రాదనువారు ఈ మండీలో ఒక్కపూట నిలిచి చూచినచో చాలును. ఆ చదువు పుట్టినదే భిన్నభాషలవారు భాష మార్చుకొనకయే కలిసి పనిచేయుట కొరకు.

ఇంతవరకు చెప్పినది సులభభాగము. శిక్షణకు ప్రాణము వేరొకచోట నున్నది.

1969 అక్టోబరు 29 న అమెరికాలో లాస్ ఏంజెలెస్ నగరపు విశ్వవిద్యాలయ యంత్రమునుండి స్టాన్‌ఫర్డు పరిశోధనాలయ యంత్రమునకు మొట్టమొదటి వార్త పంపిరి. 'లాగిన్' అని పంపదలచిరి. ఎల్, ఓ అను రెండక్షరములు చేరగానే అవతలి యంత్రము పడిపోయెను. యంత్రముల ఉత్తర ప్రత్యుత్తరముల చరిత్రలో మొదటి యుత్తరమే సగములో తెగినదన్న మాట. ఆ తరువాత పాతికేండ్లకు, 1994 లో, సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థలోని పీటర్ డాయిచ్ అనునతడు ప్రోగ్రాములు వ్రాయువారు గ్రుడ్డిగా నమ్ము అసత్యములను పట్టికగా వ్రాసెను. అందు మొదటిది "నెట్‌వర్కు నమ్మదగినది" అనుట. రెండవది "వార్త చేరుటకు కాలమే పట్టదు" అనుట. ఈ పట్టికను ప్రతి శిక్షణాలయము గోడమీద వ్రాయించవలెనని మా యభిప్రాయము. మా యాఫీసులో తపాలు శాఖకు గూడ అది పనికివచ్చియుండెడిది.

హోసూరు ఉళవర్ సందైలో ఆకుకూరలమ్ము అవ్వకు మనము సెల్లుఫోనుద్వారా 40 రూపాయలు పంపుచున్నాము. ఈ యూ.పీ.ఐ. పద్ధతి 2016 లో మొదలైనది. మన బ్యాంకు యంత్రము మన ఖాతాలో 40 తగ్గించును. నడుమ నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ వారి యంత్రము వార్త మోయును. అవ్వ బ్యాంకు యంత్రము ఆమె ఖాతాలో 40 కలుపును. ఒక్కొక్కమారు ఫోనుమీద చక్రము తిరుగుచునే యుండును. అవ్వ "ఇంకా పడలే నాయనా" అనును. అప్పుడు జరిగినదేమి? మన వార్త అచటికి చేరకనే యుండవచ్చును. చేరి, పని జరిగి, జవాబు త్రోవలో పోయియుండవచ్చును. లేక అవతలివారు ఇంకను పనిలోనే యుండవచ్చును. పంపినవానికి ఈ మూడును ఒకే రీతిగా కనబడును. మౌనమునకు అర్థము ఒక్కటి కాదు.

ఇట్టి సమయమున తొందరపడి మరల 40 పంపినచో 80 పోవచ్చును. పంపకున్నచో అవ్వకు ఏమియు ముట్టకపోవచ్చును. రిజర్వు బ్యాంకువారు 2019 సెప్టెంబరులో దీనికొక నియమము చేసిరి: మన ఖాతాలో తగ్గి అవతలివారికి ముట్టనిచో, వ్యక్తికి పంపిన సొమ్ము మరునాటిలోపల, దుకాణమునకు చెల్లించిన సొమ్ము అయిదు దినములలోపల తిరిగి రావలెను, ఆపైన ఆలస్యమైన ప్రతి దినమునకు 100 రూపాయలు పరిహారము. చట్టము చేయుట యొక యెత్తు. యంత్రము దానిని పాటించునట్లు ప్రోగ్రాము వ్రాయుట వేరొక యెత్తు. ఎలక్ట్రానిక్ సిటీకి బస్సెక్కు మన పిల్లలకు రానున్న పని ఈ జాతిదే.

మా వీథిలో నొక యువకుడు కలడు. తెలుగు బడిలో చదివి, పిమ్మట ఇంజనీరింగు ముగించి, నేడు బెంగుళూరులో ఇట్టి పనియే చేయుచున్నాడు. అతడొక సాయంకాలము మా యరుగుమీద కూర్చుండి 'ఐడెంపొటెన్సీ' అను మాటను మాకు బోధింపబూనెను. ఒక కోరిక పదిమార్లు వచ్చినను పని ఒక్కమారే జరుగవలెనట. అందుకై ప్రతి కోరికకును ఒక గుర్తు సంఖ్య యుండవలెనట.

"ఇది రిమైండరు గదా!" అంటిమి మేము.

"అదెట్ల మామా?"

చెప్పితిమి. పింఛను కాగితము ట్రెజరీకి పంపుదుము. జవాబు రాదు. మరల వ్రాయునప్పుడు క్రొత్త నెంబరు వేయరాదు. మొదటి యుత్తరము నెంబరును, తేదిని పైన వేసి, అడుగున విషయము వ్రాయవలెను. క్రొత్త నెంబరు వేసినచో అచటి గుమాస్తా అది వేరొక కాగితమని తలంచి రెండవ ఫైలు తెరచును. ఒకే మనుష్యునికి రెండు మంజూరులగును. అటుపిమ్మట ఆడిట్‌వారు వచ్చెదరు. ఒక్క నెంబరు నిలుపుటలో నున్న భద్రత మాకు ఉద్యోగములో చేరిన మొదటి నెలలోనే మా సూపరింటెండెంటుగారు నేర్పిరి.

యువకుడు కొంతసేపు మాటాడక కూర్చుండెను. "మాకు దీన్ని నలభై స్లయిడ్లలో చెప్పినారు మామా. మీరు ఒక కాగితంతో చెప్తా ఉండారు" అనెను. ఇది మా గొప్ప కాదు. నలుబది స్లయిడ్లలో నున్నవి పరభాషా పదములు, బాణపు గుర్తులు, పెట్టెబొమ్మలు. అర్థమగుటకు కావలసినది మనస్సులో ముందే యున్న యొక యనుభవము. ఆ యనుభవము మాతృభాషలో నుండును.

అతడు మొదట చేరిన శిక్షణాలయము పేరిట వ్రాయము. అచట జిరాక్సు నోట్సులిచ్చి, సోప్‌నకు రెస్ట్‌నకు భేదములు పది యని కంఠస్థము చేయించిరట. ఇంటర్వ్యూలో పదింటిని ఏకరువు పెట్టెను, "సర్వరు బదులు చెప్పకపోయిన ఏమి చేయుదువు?" అని యడిగినచో నోరు పెగలలేదు. ఆ నోట్సులో ఆ ప్రశ్న లేదు. పిమ్మట అమీరుపేటకు పోయెను.

అమీరుపేటను గూర్చి కొంత వ్రాయవలెను. మైత్రీవనము చుట్టుపట్ల వీథులలో శిక్షణాలయముల బోర్డులు ఆకాశమును మూసివేసియుండును. 1990 దశకపు చివర, 2000 సంవత్సరమున పాత ప్రోగ్రాములన్నియు తారీకులు తప్పునను భయము లోకమంతట వ్యాపించి మనుష్యులు కావలసివచ్చినప్పుడు, ఈ బోధనకు గిరాకి హెచ్చెను. ఒక్కొక్క గదిలో వందలమంది. ఉదయము సూర్యోదయముతో మొదటి తరగతి. బోధించువారు చాలమంది మన జిల్లాలనుండి వచ్చినవారే. పదములు ఇంగ్లీషువి, వాక్యము తెలుగు. సర్వరును హోటలు సర్వరుతో పోల్చి చెప్పుదురు, క్యూను సినిమాటికెట్ల వరుసతో పోల్చుదురు. దీనిని చూచి నవ్వువారు కలరు. మాకు మాత్రము నవ్వు రాలేదు. లోకములోని సాఫ్టువేరు సంస్థలకు పోయిన తెలుగువారిలో ఎందరో జావాను నేర్చినది ఈ కలగలుపు తెలుగులోనే. మన యువకుడు గూడ "నాకు మొదటిసారి అర్థమయింది అక్కడే" అనెను.

అమీరుపేటను పొగడి ఊరకుండుట గూడ తగదు. నకిలీ యనుభవపత్రముల కేసులు ఆ పేటనుండి పత్రికలకెక్కినవి. అరువదిదినములలో అంతయు నేర్పుదుమను బోర్డులు నేటికిని లేకపోలేదు. పైగా అచటనేగాదు, ఎచటనైనను, శిక్షణ యనగా పనిముట్టు పేరు నేర్పుట యను భ్రమ యొకటి కలదు. 2006 లో మైక్రోసాఫ్టువారు విండోస్ కమ్యూనికేషన్ ఫౌండేషన్ అనుదానిని వెలువరించిరి. డిస్ట్రిబ్యూటెడ్ అప్లికేషన్లు, వెబ్ సర్వీసులు నిర్మించుటకు అదియే మార్గమని ఎందరో దానిని నేర్చిరి. అమర్పుల పంక్తులు కంఠస్థము చేసిరి. పదియేండ్లకు, 2016 లో, ఆ సంస్థవారే వెలువరించిన క్రొత్త డాట్ నెట్ కోర్‌లో దాని సర్వరు భాగమునకు చోటు లేదాయెను. పనిముట్టును మాత్రమే నేర్చినవాడు మరల మొదటి బల్లమీద కూర్చుండవలసివచ్చెను. ఉత్తరము, జవాబు, మౌనము, గుర్తుసంఖ్య అనువానిని నేర్చినవాడు క్రొత్త పనిముట్టు చేతబట్టి సాగిపోయెను. టైపు యంత్రము పోయి కంప్యూటరు వచ్చినప్పుడు మా యాఫీసులోను ఇట్లే జరిగెను: నోటు వ్రాయ నేర్చినవానికి ఏ యంత్రమైనను ఒక్కటే.

ఇంగ్లీషు అక్కరలేదని మేమనము. ఆ శాస్త్రపు గ్రంథములన్నియు ఇంగ్లీషులో నున్నవి. చదివి అర్థము చేసికొను పాటి ఇంగ్లీషు రానివాడు ముందుకు పోజాలడు. సర్వరును 'సేవకయంత్ర'మనియు, క్లయింటును 'ఆశ్రితయంత్ర'మనియు పిలువవలెనను పండితులు గూడ మాకు తెలియును. వారికి దూరమునుండియే నమస్కారము. హైదరాబాదున పుట్టిన సత్య నాదెళ్లగారు 2014 లో మైక్రోసాఫ్టునకు అధిపతియైరని చెప్పి, తెలుగువల్లనే యైరని కొందరు, ఇంగ్లీషుబడివల్లనే యైరని కొందరు వాదించుచుందురు. ఒక్క మహానుభావుని చూపి పదివేలమంది పిల్లల చదువును నిర్ణయించుట మాకు సమ్మతము కాదు. చూడవలసినది నడిమితరగతి పిల్లవానిని. అతనికి అర్థమగునట్లు చెప్పువారెవరు, ఏ మాటలలో చెప్పుదురు అనునదే ప్రశ్న.

తమిళము విషయము గూడ చెప్పకున్న మన ప్రాంతపు వ్రాత కాదు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టము వచ్చినప్పటినుండి మన తెలుగు బడుల పిల్లలకు తమిళము తప్పనిసరియయ్యెను. పదవతరగతి పరీక్షలో మినహాయింపు కొరకు భాషా అల్పసంఖ్యాకులు న్యాయస్థానమునకు పోవలసివచ్చెను. ఆ వివాదము పెద్దలు చూచుకొందురు. తమిళము మన పిల్లలకు వీథిలో వచ్చినదే; దానివల్ల వారికి హాని లేదు, మేలే కలదు. 2022 లో తమిళనాడు ప్రభుత్వము ప్రారంభించిన 'నాన్ ముదల్వన్' పథకమువలన కళాశాల విద్యార్థులకు ఇట్టి శిక్షణలు అందుచున్నవి. దానిని మనవారు వదలుకొనరాదు. మన బాధ వేరు. తమిళము వచ్చెనని గాని, ఇంగ్లీషు కావలెనని గాని ఇంటిలో తెలుగును మూలకు నెట్టుట యేల? నెట్టినవారి పిల్లలకు జావా ఒక పంక్తియైనను ఎక్కువ వచ్చినట్లు మాకు కనబడలేదు. తండ్రి చెప్పిన పింఛను కాగితపు కథ, అవ్వ చెప్పిన సంత కథ అందుకొనలేకపోవుట మాత్రము కనబడుచున్నది.

ఈ మాటలన్నియు విని మా యువకుడు ఒక యాలోచన చేసెను. ఆదివారములలో తనకు సెలవు. మన పిల్లలకు తెలుగులో ఈ పాఠములు చెప్పెదననెను. జీతమక్కరలేదు. రెండు పాత కంప్యూటరులు కావలెను, ఒకటి విండోసుది, ఒకటి లినక్సుది. రెండు వేర్వేరు భాషల ప్రోగ్రాములు నడుపుటకు. నడుమ నొక తీగె. "మొదటి దినం ఏం చెప్తావు?" అని యడిగితిమి. "రెండింటిని మాట్లాడించి, మాట నడుమలో ఉండంగా తీగె పెరికేస్తాను మామా. అప్పుడు టికెట్టు ఎవరికి పోయిందో పిల్లోళ్ళే కనుక్కోవల్ల" అనెను.

కంప్యూటరులు రెండును దొరికినవి. ఒకటి హోసూరులోని మిత్రులొకరు, వేరొకటి కృష్ణగిరి మామిడి వ్యాపారి యొకరు ఇచ్చిరి. మేము మావంతుగా ఒక డిస్పాచి రిజిస్టరును గీతలు గీసి సిద్ధము చేసితిమి: నెంబరు, తేది, ఎవరికి, జవాబు వచ్చినదా, రిమైండరు. పిల్లలు మొదట చేతితో వ్రాసి చూచి, పిమ్మట యంత్రమునకు నేర్పవలెనని మా పట్టుదల. యువకుడు దీనికి ఒప్పుకొన్నాడు. ఈ సంచిక అచ్చునకు పోవునాటికి పదునొకండుగురు పేర్లిచ్చియున్నారు. వారిలో ఇద్దరు మా వీథి తమిళుల పిల్లలు. తెలుగులో చెప్పిన అర్థమగునా యని యడిగితిమి. "ఆటలాడేది తెలుగులోనే గదా తాతా" అనిరి.